శోకాల సత్తెమ్మ

ఆ రోజుల్లో ఇబ్రహీంపట్నం బస్టాండులో దిగి "సత్తెమ్మ ఇల్లెక్కడ?" అని అడిగితే, చాయ్ తాగుతున్నవాళ్లు గ్లాసు పక్కన పెట్టి మరీ డిపో వెనక గల్లీ చూపించేవాళ్లు. ఆ ఇంట్లో సత్తెమ్మ అనే ఆడమనిషి ఎవరూ లేరు. ముప్పై ఆరేళ్ల పరమేశ్వర్ ఉండేవాడు, అతని భార్య అరుణ ఉండేది. వారానికోసారి మీసం తీసేసిన మూతికి రంగు పూసుకుని, ముతక చీర కట్టుకుని, నుదుటిన రూపాయి బిళ్లంత బొట్టు పెట్టుకుని టీవీలో నేల మీద కూలబడి గుండెలు బాదుకునేవాడు కనక అతనికి ఆ పేరు వచ్చింది. అమ్మానాన్నలు పెట్టిన పేరు రేషన్ కార్డులో మిగిలింది.

పరమేశ్వర్ నటుడు కావాలని చిన్నప్పటి నుంచీ కలలు కన్నవాడేం కాదు. కన్నానని ఒకటి రెండు ఇంటర్వ్యూల్లో చెప్పాడు, అడిగినవాళ్లకు అదే కావాలి కనక. అసలు సంగతి మైకు ఆటో. నెత్తిన రెండు హారన్లు కట్టిన ఆటోలో వెనక సీట్లో కూర్చుని, సాగర్ రోడ్డు పొడుగునా మన్నెగూడ దాకా, ఇటు కందుకూరు దాకా అరుచుకుంటూ తిరగడం అతని పని. చీరల సేల్, సర్కస్, పోలియో చుక్కలు, ఏదైతే అది. కాగితంలో రాసిచ్చింది రాసిచ్చినట్టు చదవడం అతనివల్ల కాలేదు. "పోలియో చుక్కలేసుడు ఆదివారం. పిల్లలకే, పెద్దోళ్లకు గాదు. పెద్దోళ్ల చుక్కల దుకాణం ఎర్కనే గద, దానికి మైకెందుకు" అనేవాడు. ఆడవాళ్లు గడపల్లోకి వచ్చి నిలబడి నవ్వేవాళ్లు.

రెండువేల నాలుగులో మన్నెగూడ చౌరస్తా దగ్గర లారీలు అడ్డంపడి దారి మూసుకుపోయింది. ఆగిపోయిన కార్లలో ఒకదాంట్లో విద్యాసాగర్ ఉన్నాడు. ఓ టీవీ చానల్లో హాస్య కార్యక్రమాలు తీసే మనిషి, కోస్తా నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడ్డవాడు. పక్కనే ఆగిన మైకు ఆటో ఊసుపోక రోడ్డు మీది లారీల మీద, డ్రైవర్ల మీద, ప్లాట్లు కొనడానికి వచ్చి ఎండలో మాడుతున్న పట్నం వాళ్ల మీద జోకులు వేస్తూ కూర్చుంది. దారి తెరుచుకునేసరికి విద్యాసాగర్ చీటీ మీద నంబరు రాసి ఆటోలోకి చెయ్యి చాపాడు. తంతే బూరెల బుట్టలో పడ్డట్టయింది పరమేశ్వర్ పని.

బుట్ట అడుగున ఏముందో కొన్నాళ్లకు గాని తెలియలేదు. స్కిట్లలో డాక్టరు, లాయరు, పెళ్లికొడుకు పుస్తకాల తెలుగు మాట్లాడతారు. వాచ్‌మన్, పనిమనిషి, తాగుబోతు మాత్రం ఇబ్రహీంపట్నం తెలుగు మాట్లాడాలి. ఆర్నెల్లు పరమేశ్వర్ వాచ్‌మనే. "పరమేశ్వర్ గారూ, యాస ఇంకొంచెం దట్టించండి, జనం నవ్వాలి కదా" అనేవాడు విద్యాసాగర్, పాపం మర్యాదగానే. ఇంట్లో తను మాట్లాడేదే మాట్లాడితే జనం ఎందుకు నవ్వుతారో పరమేశ్వర్‌కి మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థం చేసుకోవడం మానేశాడు. ఆ తర్వాత దట్టించడం మొదలుపెట్టాడు.

సొంతంగా ఒక ఐటం చేసుకురా అన్నప్పుడు అతనికి అక్క గుర్తొచ్చింది.

అక్క పేరు ఇంద్రమ్మ. పదకొండేళ్లు పెద్దది. పరమేశ్వర్‌కి ఏడేళ్లప్పుడు తల్లి చనిపోతే, ఆ పద్దెనిమిదేళ్ల పిల్ల శవం పక్కన కూర్చుని రాగం తీసి ఏడ్చింది. ఈ ప్రాంతంలో ఆడవాళ్లు చావింట్లో ఊరికే ఏడవరు. శోకం పెడతారు. పోయినవాళ్లను పేరు పెట్టో వరస పెట్టో పిలుస్తూ, వాళ్లు చేసిన పనీ, తిన్న తిండీ, పడ్డ బాధా అన్నీ పాటలా చెబుతూ ఏడుస్తారు. "పొద్దుగాల పోతివి, పొద్దూకినా రాకపోతివి, ఓ నా అవ్వా… పొయ్యి మీద అంబలి పొంగిపాయెనే, ఓ నా అవ్వా…" అని ఇంద్రమ్మ ఎత్తుకుంటే పక్క గల్లీల వాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. అప్పటినుంచి ఎక్కడ చావు జరిగినా "ఇంద్రమ్మ వచ్చిందా?" అని అడగడం మొదలైంది. ఆమె ఎవరినీ పొగిడేది కాదు. ఎవరి పెళ్లికి తెల్లారేదాకా వడ్డించాడో, ఎవరి బర్రెకు ఈత కష్టమైతే వానలో పరిగెత్తాడో, పెళ్లాన్ని ఎన్నిసార్లు కొట్టాడో కూడా శోకంలోనే చెప్పేది. బతికుండగా దక్కని న్యాయం కొందరికి ఇంద్రమ్మ నోట దక్కింది.

పరమేశ్వర్ ఆ రాగం తీసుకెళ్లి స్టూడియోలో కరెంటు కోత మీద పెట్టాడు. "పొద్దుగాల పోతివి, పొద్దూకినా రాకపోతివి, ఓ నా కరెంటూ… ఫ్రిజ్జుల పాలు పగిలిపాయెనే, ఓ నా కరెంటూ…" విద్యాసాగర్ కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. కెమెరామన్ భుజాలు ఊగి బొమ్మ కదిలిపోతే మళ్లీ తీయాల్సి వచ్చింది. శోకాల సత్తెమ్మ పుట్టింది.

టీవీలో వచ్చిన రోజు పరమేశ్వర్ భయంభయంగానే అక్క ఇంట్లో కూర్చున్నాడు. ఇంద్రమ్మ భర్త భిక్షం ఆర్టీసీ డిపోలో మెకానిక్. గ్రీజు మరకల చేతులతోనే అన్నం కలుపుకుంటూ చూస్తున్నాడు. కూతురు ఉజ్వల టీవీకి జానెడు దూరంలో కూర్చుంది. స్కిట్ మొదలైంది. ఇంద్రమ్మ మొహం చాలాసేపు కదల్లేదు. ఉన్నట్టుండి కడుపు పట్టుకుని ఒక పక్కకు ఒరిగి నవ్వింది. కొంగుతో కళ్లు తుడుచుకుని అన్నది:

"నన్నే ఎత్కపోయినవ్ గదరా దొంగనాకొడుకా. గని 'పోతివి' కాడ జర గుంజాలె. నువ్వు గుంజుతలేవు."

గుంజి చూపించింది కూడా. భిక్షం అన్నం గొంతుకు అడ్డంపడేలా నవ్వాడు.

అప్పటినుంచి సత్తెమ్మ మాటలు సగం ఇంద్రమ్మవే. బియ్యం ఏరుతూ ఏరుతూ పేలిన కుక్కర్ మీద ఒకటి, మొగుడి కంటే ముందు చచ్చిపోయిన సెల్‌ఫోన్ మీద ఒకటి, అమ్ముకున్న మర్నాడే ధర పెరిగిన చెలక మీద ఒకటి కట్టి చెప్పేది. చెలక మీద కట్టినది విని ఊళ్లో నవ్వనివాడు లేడు, ఆ బాధ లేని ఇల్లూ లేదు. గల్లీలో అందరికంటే పెద్దది ఎంకమ్మ మాత్రం ఒకసారి గుమ్మంలో నిలబడి, "ఇంట్ల ఉత్తగ శోకం తియ్యొద్దు బిడ్డా, మంచిది గాదు" అన్నది. "ఓ అవ్వా, గిది టీవీ శోకమే" అన్నది ఇంద్రమ్మ. ఎంకమ్మ తల అడ్డంగా ఊపుకుంటూ వెళ్లిపోయింది.

రెండువేల ఆరులో పరమేశ్వర్ హోస్టు అయ్యాడు. 'గల్లీ గలగల' అని వారం వారం ఒక కాలనీకి వెళ్లే షో. హోస్టు కనక ఇప్పుడు ప్యాంటూ చొక్కా, పుస్తకాల తెలుగు. "నమస్కారం, ఈ వారం మనం మీర్‌పేట్‌లో ఉన్నాం" అనేవాడు, నాలుక మీద ముల్లు గుచ్చుకున్నట్టు. చివరి పావుగంట చీర కట్టుకుని సత్తెమ్మ అయ్యేవాడు. అప్పుడు కాలనీ ఆడవాళ్లకు పోటీ. గ్యాస్ బండ మీదో, ఆగిపోయిన సీరియల్ మీదో, పంపులో రాని మంజీరా నీళ్ల మీదో ఒక్కొక్కరూ శోకం పెట్టాలి. బాగా పెట్టినామెకు మిక్సీ. ఎవరు ఏ లైను అన్నా చుట్టూ ఉన్న జనమంతా ఒక్క గొంతుతో "ఓ నా కరెంటూ" అని అందుకునేవాళ్లు. అది ఊతపదమైపోయింది. షేర్ ఆటోల్లో ఫోన్లు అదే రాగంతో మోగేవి. బళ్లో పిల్లలకు లెక్క తప్పితే టీచరు కూడా అదే అనేదట.

హోస్టుగా అతనికి ఒక అలవాటు అబ్బింది. జనం నవ్వగానే నవ్విన వైపు తిరిగి, కుడి అరచెయ్యి గుండెకు ఆనించి, తల వంచేవాడు. విద్యాసాగర్ నేర్పించింది. "మీరు వంగితే ఇంకో రెండు క్షణాలు నవ్వుతారండీ" అన్నాడు. నిజంగానే నవ్వేవాళ్లు.

ఊరు అప్పుడు పూనకం వచ్చినట్టు ఉండేది. చెలకల నిండా సున్నం కొట్టిన రాళ్లు, సిమెంటు కమాన్లు. ప్లాట్లు చేసి అమ్మే ప్రతి వెంచర్ ప్రారంభానికీ సత్తెమ్మ కావాలి. పరమేశ్వర్ రిబ్బన్ కత్తిరించేవాడు, రెండు శోకాలు పెట్టేవాడు, బిర్యానీ తిని వచ్చేవాడు. మేడ మీద మేడ వేశాడు. అతనంటే ఊరికి గర్వంగానే ఉండేది, అబద్ధం ఎందుకు.

రెండువేల ఏడు ఎండాకాలంలో, పొద్దున డ్యూటీకెళ్లిన భిక్షం బస్సు కింద నట్టు బిగిస్తున్నవాడు బయటికి పాక్కుంటూ వచ్చి, ఛాతీ పట్టుకుని కూర్చున్నాడు. దవాఖానకు తీసుకెళ్లేలోపే అయిపోయింది. నలభై తొమ్మిదేళ్లు.

కబురు వచ్చేసరికి పరమేశ్వర్ షూటింగులో ఉన్నాడు. మొహం మీది రంగు తువ్వాలుతో తుడుచుకుని కార్లో పడ్డాడు. గల్లీ మొదట్లోనే కారు ఆగిపోయింది, అంత జనం. భిక్షం మంచివాడు, మనుషులు వస్తారు. కానీ వచ్చినవాళ్లు అందరూ భిక్షం కోసం రాలేదు. బావ పోయాడు కనక సత్తెమ్మ వస్తాడని తెలిసి, పక్క కాలనీల నుంచి కూడా వచ్చి గోడల మీద, ట్రాక్టరు ట్రాలీ మీద నిలబడ్డారు. "వచ్చిండు, వచ్చిండు" అన్న మాట అతని కంటే ముందు ఇంటికి చేరింది.

అప్పటిదాకా ఇంద్రమ్మ మాట్లాడలేదట. కట్టెలా కూర్చుందట. తోడబుట్టినవాడు వచ్చినప్పుడే ఆడదాని దుఃఖం కట్ట తెగుతుందని ఇక్కడందరికీ తెలుసు, అందరూ దానికోసమే చూస్తున్నారు. పరమేశ్వర్‌ని చూడగానే లేచి మెడ పట్టుకుంది. తర్వాత భర్త కాళ్ల దగ్గర కూలబడింది. డిపో వాళ్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఇంద్రమ్మ ఎత్తుకుంది.

"పొద్దుగాల పోతివి…"

ఇరవై తొమ్మిదేళ్లుగా ఆమె శోకం అక్కడే మొదలవుతుంది. ఇంకోచోట మొదలుపెట్టడం ఆమెకు తెలియదు.

"…పొద్దూకినా రాకపోతివి…"

ఇక్కడ శోకం పెట్టేవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. ఆ ఖాళీలో, ఆడవాళ్ల గుంపులోంచి ఎవరో, నోరు జారి, "ఓ నా కరెంటూ" అన్నారు.

గట్టిగా అనలేదు. కావాలని అనలేదు. ఎవరన్నారో ఆ తర్వాత ఒప్పుకున్నవాళ్లు లేరు. అంతమంది అన్నిసార్లు అన్న మాట, నోటికి అలవాటైపోయి వచ్చేసింది. అన్నామె కొంగు నోట్లో కుక్కుకునే ఉంటుంది. పక్కనున్నవాళ్లు పెదవులు బిగబట్టారు. గోడ మీద వాళ్లు బిగబట్టలేదు. కిసుక్కుమని మొదలై, ఆపుకుందామంటే ఆగక, ట్రాలీ దాకా పాకింది నవ్వు.

పరమేశ్వర్ నవ్వు వచ్చిన వైపు తిరిగాడు. కుడి అరచెయ్యి గుండెకు ఆనించాడు. తల వంచాడు.

వంచిన తల ఎత్తేసరికి ఇంద్రమ్మ అతన్నే చూస్తున్నది. నోరు ఇంకా తెరిచే ఉంది. మెల్లగా మూసుకుంది. కొంగు తీసి భర్త పాదాల మీది దుమ్ము తుడిచింది. మళ్లీ ఒక్క మాట అనలేదు. డప్పులు మొదలయ్యాయి. శవం లేచింది.

ఆ రోజు తనకేమనిపించిందని ఎవరైనా అడిగితే చెప్పడానికి పరమేశ్వర్ దగ్గర ఏమీ లేదు. సిగ్గు వేయాలి. వేయలేదు. బావ పోయినందుకు ఏడుపు రావాలి. రాలేదు. పళ్ల డాక్టరు సూదేస్తే బుగ్గ ఎక్కడుందో తెలియనట్టు, లోపల ఒక చోట ఏమీ తెలియలేదు. పాడె మోశాడు, చన్నీళ్లు పోసుకున్నాడు, పెట్టింది తిన్నాడు.

పదకొండు రోజులు చుట్టాలు వస్తూనే ఉన్నారు. వచ్చిన ప్రతి ఆడమనిషీ ఇంద్రమ్మను కావలించుకుని రాగం ఎత్తేది, ఆమె అందుకుంటుందని ఆగేది. ఆమె అందుకునేది కాదు. "నీళ్లు తాగు" అనేది. కందుకూరు నుంచి వచ్చిన భిక్షం అక్క మూడోరోజు మొహం మీదే అడిగింది: "ఊరి మీది పీనుగులందరికి ఏడిస్తివి. మా తమ్మునికి రెండు మాటలు రాకపాయెనా నీ నోట్లకెల్లి? ఏం తక్వ చేసిండే నీకు?"

ఇంద్రమ్మ తల ఎత్తలేదు. పరమేశ్వర్ అక్కడే ఉన్నాడు, గోడకు ఆనుకుని. 'కారణం నేనే వదినా' అని ఒక మాట అంటే సరిపోయేది. నోరే పెట్టుబడిగా బతికిన మనిషికి ఆ ఒక్క మాట దొరకలేదు.

నెల తర్వాత ఉజ్వల ఫోన్ చేసింది. ఇంటర్ చదువుతున్నది అప్పుడు.

"అమ్మ ఏడుస్తలేదు మామా."

"ధైర్యంగ ఉన్నదేమో లే బిడ్డా."

"ధైర్యం గాదు. తింటది, పంటది, బట్టలుతుకుతది. నాన్న చొక్క మడతబెట్టి పెట్టెల పెట్టింది, నా అసుంటిదే ఏడ్సింది, ఆమె ఏడ్వలే. నాకు భయమైతుంది మామా. నువ్వేమన్న చెయ్యి."

అప్పటినుంచి పరమేశ్వర్‌కి బతుకులో ఒకటే పని మిగిలింది. ఇంద్రమ్మ ఏడవాలి. భిక్షం మీద ఆమె నోట్లో ఆగిపోయిన శోకం బయటికి రావాలి. అది వస్తే తప్ప తనకూ ఏదీ రాదని అతనికి ఎందుకో గట్టిగా అనిపించింది.

విద్యాసాగర్ దగ్గరికి వెళ్లి సత్తెమ్మను ఆపేస్తానన్నాడు. విద్యాసాగర్ బతిమాలాడు, సంగతంతా విన్నాక ఊరుకున్నాడు. "మీరు ఆపినా జనం ఆపరు కదండీ" అన్నాడు చివరికి. నిజమే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. సత్తెమ్మ లేని షో ఐదు నెలలు నడిచి ఆగింది. వెంచర్ల వాళ్లు వచ్చి "ఒక్క కరెంటు శోకం అన్నా, ఒక్కటంటే ఒక్కటి" అనేవాళ్లు. కాదనేవాడు. పిలవడం తగ్గింది. తర్వాత మానేశారు. బాధగా ఉందా అని అరుణ అడిగితే ఆలోచించి, "తెలుస్తలేదు" అన్నాడు.

వానాకాలంలో ఎంకమ్మ పోయింది. ఇంద్రమ్మ వస్తుందని శవాన్ని కాసేపు ఆపారు కూడా. వచ్చింది. పక్కన కూర్చుంది, మొహం మీద ఈగలు తోలింది, శవం లేచేదాకా ఉండి ఇంటికి వెళ్లింది. తొంభై ఏళ్ల ముసలామె తన గురించి ఒక్క మాట కూడా వినకుండా పోయింది. టీవీ పైసలకు ఇంద్రమ్మకు పొగరొచ్చింది అన్నారు ఊళ్లో. తర్వాత చావులకు ఆమెకోసం కబురు పంపడం మానేశారు.

భిక్షం యాడాది మాసికం అయిన మరుసటి రోజు, పరమేశ్వర్ అక్కను కార్లో ఎక్కించుకున్నాడు. "ఏడికిరా?" అంటే "ఊకె, జర తిరిగొద్దాం" అన్నాడు. కందుకూరు దారిలో లోపలికి నాలుగు కిలోమీటర్లు వెళ్తే ఒక వెంచర్ ఉంది. రెండేళ్ల కింద దాని ప్రారంభానికి సత్తెమ్మ వేషంలో అతనే రిబ్బన్ కత్తిరించాడు. సింహాలున్న కమాను, తారు వేసిన రోడ్లు, వరసగా వీధి దీపాల స్తంభాలు, పార్కులో సిమెంటు జింక. ప్లాట్లన్నీ అమ్ముడుపోయాయి. ఒక్క ఇల్లు లేదు. కొన్నవాళ్లు ఎవరూ అక్కడ ఉండడానికి కొనలేదు. పగటిపూట మేకలు కూడా రావు, గడ్డి లేదు కనక.

జింక పక్కన సిమెంటు బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. ఎండ ఇంకా ముదరలేదు.

"ఇక్కడెవ్వరు లేరక్కా," అన్నాడు పరమేశ్వర్. ఈ మాట రాత్రంతా అనుకుని పెట్టుకున్నాడు. "నాలుగు దిక్కుల ఎవ్వరు రారు. ఎవ్వరు నవ్వరు. నీ కడుపుల ఉన్నది తీసెయ్యి. బావకు పెట్టాల్సిన శోకం పెట్టెయ్యి."

ఇంద్రమ్మ చుట్టూ చూసింది. నంబర్లు వేసిన రాళ్లు కనుచూపు మేర ఉన్నాయి.

"గిందుకా తెచ్చినవ్?" అన్నది. కోపంగా అనలేదు. "ఎవ్వరు లేకుంటే ఎవ్వరికి చెప్పాలెరా?"

"చెప్పుడెందుకు, ఏడ్వు."

"ఏడ్సుడైతే కుక్క గూడ ఏడుస్తది. శోకమంటే చెప్పుడు. ఆయన ఎసుంటోడో నలుగురికి ఎరుక జేసుడు. కొత్త బస్సొచ్చినా బోల్టు సప్పుడు విని ఏం రోగమో చెప్తుండె. కండక్టర్ పిల్లకు జరమొస్తే బండి మీద పట్నం దాక తోల్కపోయిండు, గా నాడు మన ఇంట్ల పండుగ. నాకు బంగారం పెట్టలే గని ఒక్కనాడు ఎదురుమాట అనలే. గివన్నీ చెప్పాలె. నలుగురు వినాలె. 'అవ్, గసుంటోడే' అనాలె. గప్పుడు మనిషి పోయినట్టు. గీ రాళ్లకు చెప్పాల్నా?"

రాగం లేదు. కూరగాయల లెక్క చెప్పినట్టు చెప్పింది.

"నేను వింట గదక్కా. నాకు చెప్పు."

ఇంద్రమ్మ అతని వైపు తిరిగి, చిన్నప్పుడు జ్వరం చూసినట్టు, మొహంలోకి చూసింది.

"నువ్వు వినవు తమ్మీ. నువ్వు ఏరుకుంటవ్."

పరమేశ్వర్ ఏరుకునే ఉన్నాడు. ఇందాకే, 'బోల్టు సప్పుడు విని రోగం చెప్తుండె' అన్న మాట దగ్గర, ఇది బాగుంది అని అతని బుర్ర పక్కన పెట్టుకుంది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో కూడా చూసుకుంది. సత్తెమ్మను ఆపేసి ఏడాది కావస్తోంది. అయినా పెట్టుకుంది.

"నీ మీద నాకేం లేదు," అన్నది ఇంద్రమ్మ. "నేనే ఇచ్చిన గద. 'పోతివి' కాడ గుంజమని నేనే చెప్తి. ఇద్దరం గలిసి తినేసినం. అయిపాయె." చీర కొంగు సర్దుకుంది. "గని ఒక్క మాట అడుగుత, కాదనకు."

"చెప్పక్కా."

"నేను పోయిననాడు నువ్వు రాకు."

దూరంగా కందుకూరు రోడ్డు మీద లారీ హారన్ వినిపించింది. పరమేశ్వర్ ఆమె మొహంలో పరిహాసం ఉందేమోనని వెతికాడు. లేదు.

"నువ్వొస్తే నిన్ను జూస్తందుకు జనమొస్తరు. నేను ఏడ్వకున్నా మంచిదే, నా పనైపాయె. ఉజ్వల ఏడుస్తది. దానికొచ్చు, నేను విన్న. నిన్న మాసికంనాడు దొడ్లెకు పోయి, బొక్కెన బోర్లేసుకొని కూసొని, సన్నగ తీసింది. నా కంటె మంచిగ తీసింది. దాన్ని నలుగుర్ల ఏడ్వనియ్యి. నువ్వు ముంగట నిలబడితే దాన్ని గూడ జూసి నవ్వుతరు."

తోడబుట్టినవాడు రాకుండా ఆడదాని శవం లేవడం ఈ ప్రాంతంలో ఎవరూ వినలేదు. పుట్టింటి చీర కప్పాల్సింది అతనే. పగవాళ్లు కూడా ఆ ఒక్క రోజు వస్తారు.

"మరి చీర?" అన్నాడు. ఎందుకడిగాడో అతనికే తెలియదు.

"అరుణతోని పంపు."

అతను తల ఊపాడు. లోపల ఏదైనా కదులుతుందేమోనని కాసేపు ఎదురుచూశాడు. కదల్లేదు.

"తలకాయ ఊపుడు గాదు. మాటియ్యి," అని ఇంద్రమ్మ చెయ్యి చాపింది.

పరమేశ్వర్ తన కుడిచెయ్యి తీసి ఆమె చేతిలో వేశాడు.

"అవ్ అక్కా. రాను."

"పా మరి," అన్నది లేస్తూ. "ఉజ్వల తినకుండ మనకోసం సూస్తుంటది."